చావులేని యోధుడు పరలోకానికి ఎలా వెళ్తాడు? ఒక కామిక్, కొన్ని పాత కథలు

అమరుడంటే చావు లేనివాడు. మరి చావులేనివాడు చనిపోయినవాళ్ళ లోకంలోకి ఎలా అడుగుపెడతాడు? అక్కడ కొడుకు కోసం ఎలా వెతుకుతాడు? అమెరికాలో వేలియంట్ సంస్థ వేసిన 'రాత్ ఆఫ్ ది ఎటర్నల్ వారియర్' కామిక్ చేతికి తీసుకున్న మన పాఠకుడికి మొదట తగిలే చిక్కు ఇదే. 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చాక అశ్వత్థామ గురించి, చిరంజీవుల గురించి ఇంటింటా చర్చ నడిచింది. అప్పుడు కూడా చావులేకపోవడమంటే అసలేమిటన్న దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఈ రెండు చోట్లా ముడి ఒకటే కాబట్టి కలిపే విప్పి చూద్దాం.

గిలాద్ ఎవరు

కామిక్ కథానాయకుడి పేరు గిలాద్ అన్ని-పద్ద. వేలియంట్ కథల్లోకి అతను 1992లో వచ్చాడు. అదే ఏడాది 'ఎటర్నల్ వారియర్' పేరుతో సొంత పత్రిక కూడా మొదలైంది. భూమి మాట వినగలిగే జియోమాన్సర్లు అనే మనుషులను తరతరాలుగా కాపాడటం అతని పని. 'భూమికి పిడికిలి, ఉక్కు' అన్నది అతనికి ఆ కథల్లో ఉన్న బిరుదు. అతనికి ఇద్దరు తోబుట్టువులు, ఇవార్, ఆరమ్. వాళ్ళూ చావులేనివాళ్ళే.

ఇక్కడ కొత్తవాళ్ళు తికమక పడే విషయం ఒకటుంది. గిలాద్ కథలు రెండు విడతలుగా ఉన్నాయి. వేలియంట్‌ను 1994లో అక్లెయిమ్ అనే వీడియో గేముల కంపెనీ కొనుక్కుంది. ఆ కంపెనీ 2004లో దివాలా తీసింది. కొత్త యాజమాన్యం 2012లో పాత్రలన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి రాయించింది. కామిక్ పాఠకులు దీన్నే రీబూట్ అంటారు. పాత గిలాద్‌కు జరిగినవన్నీ కొత్త గిలాద్‌కు జరిగినట్టు కాదు. మనం మాట్లాడుకుంటున్న కామిక్ ఈ రెండో విడతలోది. 2015 నవంబరు నుంచి 2016 చివరిదాకా 14 సంచికలు వచ్చాయి. రచన రాబర్ట్ వెండిట్టి, మొదటి సంచికల బొమ్మలు రావుల్ అయెన్.

రెండో విడతలో గిలాద్ అమరుడైన తీరు తెలిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. సోదరులు ముగ్గురూ మెసొపొటేమియాలోని ఊర్ నగరం వాళ్ళు. యుద్ధంలో గిలాద్ చనిపోతాడు. తట్టుకోలేని ఇవార్ అతన్ని బతికించడానికి 'బూన్' అనే యంత్రాన్ని ప్రయోగిస్తాడు. గిలాద్ లేచి కూర్చుంటాడు, నగరం మాత్రం నాశనమైపోతుంది. అంటే ఈ యోధుడి అమరత్వానికి మూలం తపస్సూ కాదు, వరమూ కాదు. పోయినవాణ్ణి పోనివ్వలేని ఒక ఆత్మీయుడి పంతం. అలా పుట్టిన అమరుడే తర్వాత తండ్రిగా అదే పంతం పడతాడు. నా దృష్టిలో ఈ కామిక్‌కు బలం ఆ పోలికే.

చావు లేకపోవడంలో ఎన్ని రకాలు

అమరత్వం అని ఒకే మాట వాడేస్తాం గానీ కథల్లో అది కనీసం నాలుగు రకాలుగా కనిపిస్తుంది.

అసలు చావే రానివాళ్ళు కొందరు. ఆంజనేయుడు, విభీషణుడు ఈ కోవ. కోరుకున్నప్పుడు తప్ప చావు రానివాళ్ళు కొందరు. భీష్ముడు అంపశయ్య మీద ఉత్తరాయణం దాకా ఎదురుచూడగలిగింది అందుకే. షరతుల మధ్య చావు నుంచి తప్పించుకు తిరిగేవాళ్ళు ఇంకొందరు. పగలూ రాత్రీ కాదు, ఇంటా బయటా కాదు అని హిరణ్యకశిపుడు వరం కోరిన పద్ధతి అది. నాలుగో రకం చస్తారు, మళ్ళీ వస్తారు.

గిలాద్ నాలుగో రకం. కత్తి దిగితే అతని ప్రాణం పోతుంది. పోయిన ప్రతిసారీ ఒక పరలోకంలో కళ్ళు తెరుస్తాడు. అతను వెతికే ఆ ఒక్క కొడుకు తప్ప, అంతకుముందే కన్నుమూసిన అతని ఆలుబిడ్డలు అక్కడ ఉంటారు. యుద్ధాలు లేని కాపురం దొరుకుతుంది. భూమికి తిరిగి రావాలంటే వాళ్ళను వదిలి, దారికి అడ్డం నిలిచిన శక్తులతో పోరాడుతూ బయటపడాలి. కాబట్టి 'చావులేనివాడు పరలోకానికి ఎలా వెళ్తాడు' అన్న ప్రశ్నకు ఈ కామిక్‌లో జవాబు తేలికే. అతను చచ్చే వెళ్తాడు. అక్కడ ఉండిపోకపోవడమే అతని అమరత్వం. వేల ఏళ్ళ పాటు ఎన్నిసార్లు చనిపోతే అన్నిసార్లు తన పిల్లలను తానే విడిచి రావాలి.

అశ్వత్థామకు ఈ దారి లేదు. అతను చావడు కాబట్టి పరలోకం గడప తొక్కలేడు. మన అమరుల్ని, ఈ అమరుణ్ణి ఒకే గాటన కట్టలేకపోవడానికి కారణం ఇదే.

వెతకాలంటే పోయినవాడు ఎక్కడో ఉండాలి

తండ్రి కొడుకును పరలోకంలో వెతుకుతున్నాడు అన్న వాక్యంలో పైకి చెప్పని ఒప్పందాలు మూడున్నాయి. పరలోకం ఒక చోటు అయ్యుండాలి, అంటే దానికి దారి, గడప, హద్దు ఉండాలి. పోయినవాడు అక్కడ నిలిచి ఉండాలి, మరో జన్మ ఎత్తి వెళ్ళిపోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ కూడా అతను 'నా కొడుకే' అయ్యుండాలి.

గిలాద్ పుట్టిన నేల ఈ మూడింటికీ ఒప్పుకుంటుంది. ఊర్ శిథిలాలు నేటి దక్షిణ ఇరాక్‌లో ఉన్నాయి. క్రీ.పూ. 2500 ప్రాంతంలో ఆ నగరాన్ని అన్నెపద అనే రాజు ఏలాడు. గిలాద్ ఇంటిపేరు వింటే అతనే గుర్తొస్తాడు. అక్కడివాళ్ళు నమ్మిన మృతుల లోకం భూమి కింద ఉంటుంది. ఎరెష్కిగల్ దాని రాణి. ఏడు ద్వారాలు దాటి లోపలికి పోవాలి. అక్కడ దుమ్మే తిండి. పక్షుల్లా ఈకలు కప్పుకుని చీకట్లో ఉంటారని పాత మట్టిపలకలు చెబుతాయి.

ఆ లోకం గురించి సుమేరియన్ భాషలో ఒక కావ్యం ఉంది. ఉరుక్ రాజు గిల్గమేష్, తన నేస్తం ఎంకిడు పాతాళం నుంచి పైకి వచ్చినప్పుడు ఒక్కొక్కరి గురించే అడుగుతాడు. ఒక్క కొడుకు ఉన్నవాడు అక్కడ ఎలా ఉన్నాడు? గోడకు కొట్టిన మేకు దగ్గర కూచుని ఏడుస్తున్నాడు. ఇద్దరున్నవాడు? రెండిటుకల మీద కూచుని రొట్టె తింటున్నాడు. ముగ్గురున్నవాడికి తోలుసంచిలో నీళ్ళు దొరుకుతున్నాయి. ఏడుగురున్నవాడు దేవతల సరసన ఆసనం మీద ఉన్నాడు. పోయినవాళ్ళకు నీళ్ళు వదలాల్సింది బతికున్న కొడుకులు కాబట్టి ఈ లెక్క. మనం తర్పణం వదిలినట్టే వాళ్ళూ వదిలేవారు.

ఆ వరసలో గిల్గమేష్ ఇంకొక మాట అడుగుతాడు. లోకం చూడకుండానే పోయిన నా పసికందులు ఏమయ్యారు? వెండి బంగారాల బల్ల దగ్గర తేనె, నెయ్యి తింటూ ఆడుకుంటున్నారని ఎంకిడు జవాబిస్తాడు. అంత కటికచీకటి లోకంలో వెలుగున్న చోట్లలో ఇదొకటి. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి నోట వచ్చిన ప్రశ్నగా దీన్ని చదివితే, నాలుగు వేల ఏళ్ళ దూరం ఉన్నట్టు అనిపించదు.

ఇప్పుడు గిలాద్‌ను ఈ లెక్కలో పెట్టి చూడండి. కొడుకు నీళ్ళు వదలాలి, తండ్రి అందుకోవాలి. కొడుకు ముందు పోయి, తండ్రికి చావే నిలవకపోతే వరస తిరగబడుతుంది. ఎప్పటికీ ఋణం తీరని పక్షం తండ్రిది అవుతుంది. అతను వెతుకులాట మానలేకపోవడానికి ప్రేమతో పాటు ఈ తలకిందులైన ధర్మం కూడా కారణమని నా ఊహ. రచయిత అలా రాశాడని చెప్పడం లేదు, ఆ నేల కథలు చదివితే అలా అర్థమవుతుందంటున్నాను.

ఉత్తర ఐరోపా కథల్లో కూడా పోయినవాడికి చిరునామా ఉంటుంది. దేవతల పెద్ద ఓడిన్ కొడుకు బాల్డర్ చనిపోతే, అతని సోదరుడు హెర్మోడ్ తొమ్మిది రాత్రులు గుర్రం మీద ప్రయాణించి, మృతుల రాణి హెల్ ఏలే లోకానికి వెళ్ళి అతన్ని తిరిగి పంపమని అడుగుతాడు. ప్రపంచంలో ప్రతిదీ ఏడిస్తే పంపిస్తానంటుంది హెల్. ఒక్కరు ఏడవనన్నారు, బాల్డర్ అక్కడే ఉండిపోయాడు. పశ్చిమ దేశాల సాహసకథలకు ఈ పద్ధతి బాగా అలవాటు. చోటుంది, షరతుంది, అడిగి తెచ్చుకోవచ్చు లేదా పోరాడి తెచ్చుకోవచ్చు.

మన కథల్లో వెళ్ళినవాళ్ళు ఎవరు

యముడి పట్టణానికి సంయమని అని పేరూ, దిక్కూ ఉన్న సంప్రదాయం మనది. అయితే కొడుకు కోసం తండ్రే బయల్దేరిన కథ వెతికితే సులువుగా దొరకదు. తండ్రి తరఫున ఇంకెవరో వెళ్తారు.

పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడి గురువు సాందీపని కథ అందరికీ తెలిసిందే. కొడుకు ప్రభాస తీర్థంలో సముద్రం పాలయ్యాడు. చదువు పూర్తయ్యాక ఆ కొడుకునే గురుదక్షిణగా అడుగుతాడు గురువు. కృష్ణుడు సముద్రుణ్ణి నిలదీస్తాడు. శంఖంలో దాగిన పంచజనుణ్ణి చంపి చూస్తే పిల్లవాడు లేడు. ఆ శంఖం తీసుకుని సంయమనికి పోయి ఊదుతాడు. యముడు ఎదురొచ్చి మొక్కుతాడు. ఆ పిల్లవాడు తన కర్మకు కట్టుబడే ఇక్కడికి వచ్చాడని సంస్కృత మూలంలో కృష్ణుడే ఒప్పుకుంటాడు, ఒప్పుకుని 'నా ఆజ్ఞగా ఇచ్చెయ్' అంటాడు. నియమం తెలియక కాదు, తెలిసే పక్కన పెట్టించాడు. ఆ అధికారం అతనికి తప్ప మరొకరికి లేదు.

అధికారం లేనివాడు వెళ్తే ఏమవుతుందో అదే స్కంధం చివర్లో ఉంది. ద్వారకలో ఒక బ్రాహ్మణుడికి పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతున్నాడు. కాపాడతాను, లేకపోతే నిప్పుల్లో దూకుతానని అర్జునుడు మాటిస్తాడు. పురిటింటి చుట్టూ బాణాలతో పంజరం కడతాడు. పుట్టిన బిడ్డ ఈసారి ఒంటితో సహా మాయమవుతాడు. అర్జునుడు సంయమనికి పోయాడు, లేడు. ఇంద్రుడి పట్టణం, అగ్ని, నిరృతి, వాయువు, వరుణుడు, రసాతలం, స్వర్గం అన్నీ వెతికాడు. ఎక్కడా లేడు. గిలాద్‌ను తలపించే యోధుడి వెతుకులాట మన సాహిత్యంలో ఇదే, కాకపోతే వెతికేవాడు తండ్రి కాదు. పరలోకాలన్నీ తిరిగినా దొరకకపోవడానికి కారణం, బిడ్డలు ఆ లోకాల్లో వేటిలోనూ లేకపోవడం. కృష్ణుడు రథం మీద సప్తసముద్రాలు, లోకాలోక పర్వతం, ఆ అవతలి చీకటి దాటించి తీసుకెళ్తే మహావిష్ణువు దగ్గర కనబడతారు. మిమ్మల్నిద్దరినీ చూడాలనే తెప్పించానంటాడాయన. గాండీవం చేయగలిగింది వెతకడం వరకే. దొరకడం దాని చేతిలో లేదు.

కొడుకే కాదన్న కథ

మూడో ఒప్పందాన్ని, అంటే 'అక్కడా వాడు నా కొడుకే' అన్నదాన్ని, సూటిగా కొట్టేసిన కథ భాగవతం ఆరో స్కంధంలో ఉంది. తెలుగులో ఆ స్కంధం రాసింది ఏర్చూరి సింగన.

చిత్రకేతు మహారాజుకు ఎంతకాలానికో అంగిరసుడి దయవల్ల ఒక కొడుకు పుడతాడు. సవతితల్లులు విషం పెట్టి చంపుతారు. రాజు నేల మీద పడి ఏడుస్తుంటే నారదుడు, అంగిరసుడు వస్తారు. నారదుడు చేసే పని ఏ కామిక్ రచయితకైనా ఆశ పుట్టించేదే. పోయిన జీవుణ్ణి అక్కడికే పిలుస్తాడు. 'నీ అమ్మానాన్నలు ఏడుస్తున్నారు, ఈ ఒంట్లోకి వచ్చి మిగిలిన ఆయుష్షు రాజ్యం ఏలుకో' అంటాడు. వెతికే శ్రమ కూడా లేకుండా కొడుకు దొరికాడు.

ఆ జీవుడి జవాబు: వీళ్ళు నాకు ఏ జన్మలో తల్లిదండ్రులు? ఎన్నో జన్మల్లో తిరుగుతున్నాను. ఒకరికొకరు ఒకప్పుడు చుట్టాలం, ఒకప్పుడు శత్రువులం. బంగారం బేరాల్లో ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయినట్టు జీవుడు ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి పోతుంటాడు. ఇంతే చెప్పి వెళ్ళిపోతాడు. రాజుకు దుఃఖం వదిలిందని భాగవతం అంటుంది.

పునర్జన్మను గట్టిగా పట్టుకుంటే ఎటర్నల్ వారియర్ కథ ఇక్కడే ఆగిపోతుంది. వెతకడానికి వెళ్ళిన తండ్రికి అక్కడ ఎవరూ ఎదురుండరు. ఉన్నా, 'నువ్వెవరు?' అంటారు.

ఒక్క రాత్రికి దొరికిన కొడుకులు

అయితే మన సంప్రదాయం చిత్రకేతు దగ్గరే ఆగిపోలేదు. భారతం ఆశ్రమవాస పర్వంలో ఒక రాత్రి ఉంది. యుద్ధం అయిపోయి 16 ఏళ్ళయినా ధృతరాష్ట్రుడికి నిద్ర లేదు, రాత్రంతా నిట్టూరుస్తూనే ఉంటాడని గాంధారి వ్యాసుడితో చెబుతుంది. కుంతి కర్ణుణ్ణి చూడాలంటుంది. వ్యాసుడు గంగలో దిగి పిలుస్తాడు. భీష్మద్రోణులు ముందు నడవగా కురుక్షేత్రంలో పోయినవాళ్ళంతా నీళ్ళలోంచి లేచి వస్తారు. పగలు లేవు, కోపాలు లేవు. పుట్టుగుడ్డి ధృతరాష్ట్రుడికి వ్యాసుడు చూపునిస్తాడు. నూర్గురు కొడుకుల తండ్రి వాళ్ళ ముఖాలు చూడటం ఇదే మొదటిసారి. తెల్లవారేసరికి వాళ్ళు మళ్ళీ నీళ్ళలో కలిసిపోతారు.

ఇక్కడ, వైశంపాయనుడి నోట ఈ కథ వింటున్న జనమేజయుడు అడిగిన ప్రశ్న మన ప్రశ్నే. ఒళ్ళు వదిలేసినవాళ్ళు అదే రూపంతో ఎలా వచ్చారు? వైశంపాయనుడు జవాబుకు కర్మనే ఆధారం చేసుకుంటాడు. ఒంటినీ, దాని ఆకారాన్నీ తెచ్చింది కర్మ. ఆ కర్మ అనుభవించి తీరేదాకా జీవుడికి ఆ స్వరూపం ఉంటుంది. ఇది పట్టుకుంటే చిత్రకేతు కథకూ దీనికీ పొసగనట్టు కనిపించేది సర్దుకుంటుంది. పోయినవాడు కొంతకాలం ఆ పేరుతో, ఆ ముఖంతో ఉండవచ్చు. ఎప్పటికీ ఉండడు. అంటే తండ్రి వెతుకులాటకు గడువుంది. గిలాద్‌కు ఉన్నట్టు వేల ఏళ్ళ తీరిక మన లెక్కలో కుదరదు.

ఇది వినీ ఊరుకోకుండా జనమేజయుడు 'మా నాన్నను చూపించండి' అంటాడు. వ్యాసుడు పరీక్షిత్తును తెప్పిస్తాడు. తర్కం పూర్తిగా అర్థమైన మనిషి కూడా చివరికి ముఖం చూడాలనే అడిగాడు.

అదే వ్యాసుడు చిరంజీవి. ఆయనా కొడుకును పోగొట్టుకున్న తండ్రే. శుకుడు సర్వం వదిలి వెళ్ళిపోతుంటే 'పుత్రా!' అని పిలుస్తూ వెనకపడతాడు, చెట్లు బదులు పలుకుతాయి. శాంతిపర్వంలో శివుడు వచ్చి ఓదారుస్తాడు. నీ కొడుకును పోలిన నీడ ఒకటి నీ వెంటే ఉంటుంది అని వరమిస్తాడు. అమరుడైన తండ్రికి కొడుకు విషయంలో మన పురాణం ఇవ్వగలిగింది నీడ. కామిక్ ఇవ్వజూపింది కొడుకునే. రెంటిలో ఏది ఎక్కువ ఓదార్పో నేను తేల్చి చెప్పలేను గానీ, బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళ ఇంట కూచున్నప్పుడు చిత్రకేతు కథ చెప్పడానికి నాకు నోరు రాదు. శివుడి మాట చెప్పగలను.

తిరిగి రాగలిగితే చావుకు విలువుందా

ఇలాంటి కామిక్‌ల మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. చచ్చినా తిరిగొస్తాడని ముందే తెలిసిన యోధుడి పోరాటంలో పాఠకుడికి ఆత్రం ఎక్కడిది? అమెరికన్ సూపర్‌హీరో కథల్లో చనిపోయిన పాత్రలు మళ్ళీ మళ్ళీ లేచి వస్తాయి. అమ్మకాల కోసం చావును వాడుకుంటున్నారన్న విమర్శ చాలాకాలంగా ఉంది. అందులో నిజముంది.

అవతలి వాదం కూడా వినదగ్గదే. గిలాద్ కథలో తిరిగి రావడం ఉచితంగా జరగదు. మామూలు కథలో వీరుడు బతకడమే గెలుపు, కుటుంబం దగ్గరికి చేరడమే ఫలం. ఇక్కడ చావే కుటుంబం దగ్గరికి చేరుస్తుంది, బతకడమంటే వాళ్ళను కోల్పోవడం. కాబట్టి ఆత్రం 'బతుకుతాడా' అన్నదాని మీద ఉండదు, 'ఈసారి కూడా వదిలి వస్తాడా' అన్నదాని మీద ఉంటుంది. కొడుకు కోసం వెతకడం దీనికి ఇంకో మెలిక వేస్తుంది. పరలోకంలో కూడా చేతికి అందనివాడు ఒకడుంటే, చావు కూడా ఆ తండ్రికి విశ్రాంతి కాలేదు. నాకు రెండో వాదమే ఎక్కువ సబబుగా తోస్తుంది. ఎన్నిసార్లు తిరిగి వచ్చినా కథ బరువు తగ్గకుండా ఉండాలంటే మాత్రం ఆ ఇంటిని, ఆ పిల్లలను రచయిత ప్రతిసారీ మనసుకు తగిలేలా చూపించాలి. అది చేయని సంచికల్లో మొదటి అభ్యంతరమే నెగ్గుతుంది.

అశ్వత్థామతో ఈ కథ రాయగలమా

మన అమరయోధుడు అశ్వత్థామ గనుక చాలామంది ఆలోచన అటే పోతుంది. ముందుగా ఒక తేడా గమనించాలి. సప్తచిరంజీవుల శ్లోకం అతన్ని బలి, వ్యాసుల సరసన కూర్చోబెడుతుంది. సౌప్తిక పర్వంలో కృష్ణుడి శాపం మాత్రం మూడు వేల ఏళ్ళు తోడులేకుండా, జబ్బులతో నేల మీద తిరగమని. ఒకచోట అది గౌరవం, ఒకచోట శిక్ష, పైగా గడువున్న శిక్ష. ఏది తీసుకుంటామన్న దాన్నిబట్టి కథ మారిపోతుంది.

తండ్రీకొడుకుల వరస చూస్తే అశ్వత్థామ కథ గిలాద్ కథకు సరిగ్గా ఎదురుమొహం. అక్కడ కొడుకు పోయాడన్న మాట విని ఆయుధం వదిలేసింది తండ్రి ద్రోణుడు. ఆ మాట అబద్ధం. కొడుకు బతికే ఉన్నాడు, తండ్రి పోయాడు. తర్వాత ఆ కొడుకే చావు కోసం చూసినా చావు రాని స్థితిలో పడ్డాడు. గంగలోంచి ద్రోణుడు లేచి వచ్చిన ఆ రాత్రి, ఒడ్డున ఎదురుచూసిన వాళ్ళలో అశ్వత్థామ ఉన్నట్టు భారతం చెప్పదు. కొడుకు చనిపోయాడనుకుని ప్రాణం వదిలిన తండ్రి పరలోకంలో కొడుకు కోసం వెతికితే ఏమవుతుంది? అక్కడ దొరకడు. దొరకకపోవడం వల్లే తాను విన్నది అబద్ధమని తెలుస్తుంది. గిలాద్ వెతుకులాటకు జోడుగా మన వైపు నుంచి రాయదగ్గ కథ నాకు అశ్వత్థామలో కాక ద్రోణుడిలో కనిపిస్తుంది.